ఉక్రెయిన్ తన అణ్వాయుధాలు ఉంచుకుని ఉంటే యుద్ధం ఆగేదా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల్లో ఒక విషయం మీద మా స్టడీ సర్కిల్లో వాదన తెగడం లేదు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నాను.

1991లో సోవియట్ యూనియన్ ముక్కలైనప్పుడు ఉక్రెయిన్ గడ్డ మీద దాదాపు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్లు (క్షిపణులకు అమర్చే బాంబులు), 176 ఖండాంతర క్షిపణులు మిగిలిపోయాయి. సంఖ్యలో చూస్తే అమెరికా, రష్యాల తర్వాత మూడో స్థానం. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా ఉక్రెయిన్ సరిహద్దుల్ని గౌరవిస్తామని సంతకాలు పెట్టాయి. ఉక్రెయిన్ అణ్వాయుధాలు లేని దేశంగా, అణ్వాయుధాల వ్యాప్తిని ఆపే ఒప్పందం ఎన్‌పీటీలో చేరింది. 1996 జూన్ 1 నాటికి ఆఖరి వార్‌హెడ్ కూడా రష్యాకు వెళ్ళిపోయింది. 2014లో క్రిమియా రష్యా చేతికి పోయింది. 2022 ఫిబ్రవరి 24న పూర్తి స్థాయి యుద్ధం మొదలైంది.

మావాళ్ళలో సగం మంది "బాంబు ఉంటే పుతిన్ అడుగు పెట్టేవాడే కాదు" అంటున్నారు. నాకు అది అంత తేలిగ్గా మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

కరీంనగర్ కుర్రోడు:
ఇందులో ఇంత ఆలోచించేదేముందన్నా? వరసపెట్టి చూడు. ఇరాక్ దగ్గర బాంబు లేదు, 2003లో సద్దాం ప్రభుత్వం కూలిపోయింది. లిబియాలో గడాఫీ 2003 డిసెంబర్ 19న తన అణు కార్యక్రమం మొత్తం వదిలేస్తున్నానని ప్రకటించాడు. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులు అమెరికాకు అప్పజెప్పాడు. ఎనిమిదేళ్ళు తిరగకముందే 2011 అక్టోబర్‌లో నేటో విమానాలు పైన తిరుగుతుండగా తిరుగుబాటుదార్ల చేతిలో చనిపోయాడు. ఉత్తర కొరియా 2006 నుంచి 2017 దాకా ఆరుసార్లు అణు పరీక్షలు చేసింది. 2018లో సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు సింగపూర్ వెళ్ళి కిమ్‌తో చేయి కలిపాడు.

లిబియా మీద బాంబులు పడుతున్నప్పుడే ఉత్తర కొరియా విదేశాంగ శాఖ బాహాటంగా చెప్పింది: ముందు ఆయుధాలు వదిలించి, ఆ తర్వాత మీద పడే ఎత్తుగడ ఇదీ అని. వాళ్ళ పాలన మనకు నచ్చకపోవచ్చు. కానీ వాళ్ళు నేర్చుకున్న పాఠం తప్పని ఎవరైనా చెప్పగలరా?

మౌలాలి మూర్తి:
బాబూ గోదారి గట్టు, మీ అనుమానం సరైనదే. మావాడు కరీంనగర్ చెప్పిన ఘటనలన్నీ నిజమే కానీ ఉక్రెయిన్‌ని ఆ వరసలో పెట్టేముందు ఒకటి చూడాలి. ఆ 1,900 వార్‌హెడ్లు ఉక్రెయిన్ గడ్డ మీద ఉన్నాయి, ఉక్రెయిన్ చేతిలో లేవు. ప్రయోగించే కోడ్లు మాస్కోలో ఉన్నాయి. వాటిని కాపలా కాసే యూనిట్లలో ఎవరికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాలన్న దాని మీద 1992లో పెద్ద గొడవే జరిగింది.

ఇక సాంకేతికంగా. నేను ముప్పై ఏళ్ళ పైన అణు ఇంధనం తయారయ్యే చోట పనిచేసి రిటైరయ్యాను. ఆయుధాల వైపు నాకు ఏ సంబంధమూ లేదు, అయినా పదార్థం ఎలా పాడవుతుందో తెలుసు. వార్‌హెడ్ అంటే తయారుచేసి గోదాములో పెట్టేస్తే యాభై ఏళ్ళు పడి ఉండే సరుకు కాదు. అందులో వాడే ట్రిటియం సగం జీవితకాలం పన్నెండేళ్ళ పైచిలుకు మాత్రమే, మళ్ళీ మళ్ళీ నింపాలి. ఎలక్ట్రానిక్స్ మార్చాలి, పేలుడు పదార్థం పరీక్షించాలి. ఉక్రెయిన్‌లో ద్నిప్రోలో క్షిపణులు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది, ఖార్కివ్‌లో వాటి గైడెన్స్ వ్యవస్థలు చేసేవాళ్ళు. కానీ వార్‌హెడ్ తయారీ లేదు, యురేనియం శుద్ధి కర్మాగారం లేదు, ప్లుటోనియం రియాక్టర్ లేదు, పరీక్షా స్థలం లేదు. అన్నీ రష్యాలోనే.

కోడ్లు విరిచేంత నిపుణులు వాళ్ళకు లేరని కాదు. టైమ్, డబ్బు ఇస్తే చేసేవాళ్ళే. ఆ డబ్బు ఎక్కడిది? 1993లో ఉక్రెయిన్ ద్రవ్యోల్బణం పది వేల శాతం దాటింది. జీతాలివ్వడానికే దిక్కులేని ప్రభుత్వం. బాంబు పట్టుకు కూర్చుంటే అమెరికా సాయం రాదు, యూరప్ తలుపులు తెరుచుకోవు, రష్యా ముందే దాడి చేసినా చేయొచ్చు. పైగా 1991లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగి ఐదేళ్ళే. 1990లో సార్వభౌమత్వం ప్రకటించుకున్నప్పుడే వాళ్ళ పార్లమెంటు అణ్వాయుధాలు వద్దని రాసుకుంది. ప్రజలకు ఆ మాట మీద నమ్మకం ఉంది.

కాబట్టి ఉంచుకుని ఉంటే ఏమయ్యేదన్నది నా దృష్టిలో సగం ప్రశ్నే. వదిలినందుకు వాళ్ళకి చేతికి ఏం వచ్చిందో అడగండి. అసలు గొడవ అక్కడుంది.

ఒడెస్సా డాక్టర్:
నేను ఒడెస్సాలో ఎంబీబీఎస్ చదివాను. యుద్ధానికి ముందు శీతాకాలంలో మా బ్యాచ్ వాళ్ళం పెర్వోమైస్క్ దగ్గరున్న క్షిపణి మ్యూజియం చూడటానికి వెళ్ళాం. ఒకప్పుడు అది నిజమైన స్థావరం.

పైన చూస్తే మామూలు పొలాలు, ఒక చిన్న భవనం. లోపలికి వెళ్తే సన్నటి సొరంగం, అది దాటాక ముగ్గురు కూడా ఇరుక్కుని నిలబడాల్సిన లిఫ్టు. కింద నలభై అయిదు మీటర్ల లోతున పన్నెండు అంతస్తుల ఇనుప గొట్టం లాంటి కమాండ్ పోస్ట్. అడుగున ఉన్న గదిలో రెండు కుర్చీలు, వాటికి బెల్టులు. పక్కన బాంబు పడి గది ఊగినా మనిషి కుర్చీలోంచి పడిపోకుండా ఆ బెల్టులు. ఇద్దరు అధికారులు ఒకేసారి తాళం తిప్పితేనే ప్రయోగం జరిగేదట. మాకు అది చూపించిన గైడ్ సోవియట్ కాలంలో అక్కడే డ్యూటీ చేసిన మాజీ అధికారి. ఆయన్ని "మీరెవరి మీదకి గురిపెట్టి కూర్చున్నారు?" అని అడిగాను. "మాకు చెప్పేవాళ్ళు కాదు, నంబర్లే ఉండేవి" అన్నాడు.

అక్కడే 1996 జూన్‌లో అమెరికా, రష్యా, ఉక్రెయిన్ రక్షణ మంత్రులు ముగ్గురూ కలిసి క్షిపణులు తీసేసిన నేలలో పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు. ఆ ఫోటో అందరూ చూసే ఉంటారు.

2022 ఫిబ్రవరిలో మేం మాల్డోవా సరిహద్దు దాకా బస్సులోనూ కొంత నడిచీ వెళ్ళి, అక్కడి నుంచి రొమేనియా మీదుగా ఆపరేషన్ గంగ విమానంలో హైదరాబాద్ చేరాం. మా హాస్టల్ ఆంటీ గేటు దగ్గర నిలబడి ఒకే మాట అంది, "మా దగ్గర ఉన్నవి మీకిచ్చేశాం, ఇప్పుడు మమ్మల్ని చూడండి" అని. ఆమె అమెరికాని అంటోందో రష్యాని అంటోందో నాకు తెలియలేదు. మూర్తి గారు చెప్పిన సాంకేతిక సంగతులన్నీ నేను ఒప్పుకుంటాను. ఆమెకి ఏం జవాబు చెప్పాలో మాత్రం ఇప్పటికీ నా దగ్గర లేదు.

లక్ష్మీ టీచర్:
చదువుతుంటే గుండె బరువెక్కింది డాక్టర్ గారూ. క్షేమంగా వచ్చారు, అదే చాలు.

మూర్తి గారూ, ఆ బుడాపెస్ట్ పత్రంలో అసలు ఏముంది? దాడి జరిగితే వచ్చి యుద్ధం చేస్తామని ఎవరైనా మాటిచ్చారా? మా పిల్లలకి సోషల్ చెప్తున్నప్పుడు ఈ ప్రశ్న వచ్చింది, సరైన జవాబు చెప్పాలి కదా.

మౌలాలి మూర్తి:
లేదమ్మా, అలాంటి మాట అందులో లేదు. పత్రం చాలా చిన్నది, ఆరు అంశాలు. సరిహద్దుల్ని గౌరవిస్తాం. బలప్రయోగం చేయం, బెదిరించం. ఆర్థికంగా ఒత్తిడి చేయం. అణ్వాయుధాలతో దాడి చేయం. ఎవరైనా అణ్వాయుధంతో దాడి చేసినా, చేస్తామని బెదిరించినా సాయం కోసం భద్రతా మండలికి వెళ్తాం. తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుంటాం. అంతే. సైన్యం పంపిస్తామన్న హామీ కోసం ఉక్రెయిన్ గట్టిగానే ప్రయత్నించింది, అమెరికా ఒప్పుకోలేదు.

2014 మార్చిలో ఉక్రెయిన్ ఆ చివరి అంశం కింద సమావేశం కోరింది. పారిస్‌లో అమెరికా, బ్రిటన్ మంత్రులు వచ్చారు, రష్యా మంత్రి లావ్రోవ్ అక్కడే ఊళ్ళో ఉండి కూడా ఆ సమావేశానికి రాలేదు. భద్రతా మండలికి వెళ్తే అక్కడ తీర్మానాల్ని ఆపే వీటో రష్యాకూ ఉంది. 2022 ఫిబ్రవరి 25న పెట్టిన తీర్మానాన్ని కూడా రష్యా వీటోతో కొట్టేసింది. ఆ రోజు మన దేశం, చైనా, యూఏఈ ఓటింగ్‌కి దూరంగా ఉన్నాయి.

దాడి చేసేవాడే హామీ ఇచ్చినవాడు, తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నవాడూ అయితే ఆ హామీ నీళ్ళ మూటే. ప్రపంచంలో బాంబు చేయగల స్తోమత ఉన్న ప్రతి దేశం ఇది చూసింది. రేపు ఇంకో దేశాన్ని కూర్చోబెట్టి "నువ్వు వదులుకో, మేం చూసుకుంటాం" అంటే వాళ్ళ ముందు మొదట కనపడేది కీవ్. అణ్వాయుధాల వ్యాప్తికి ఇంతకు మించిన ఎరువు లేదు.

కరీంనగర్ కుర్రోడు:
మూర్తి సార్, అంటే చివరికి మీరు నా మాటకే వచ్చినట్టు కదా?

లక్ష్మీ టీచర్:
రాలేదు తమ్ముడూ. నువ్వు బాంబు ఉంటే క్షేమం అంటున్నావు. ఆయన ఇచ్చిన మాట నిలబెట్టుకోకపోతే అందరూ బాంబు వైపు వెళ్తారంటున్నారు. రెండూ ఒకటి కాదు.

వదులుకుని బాగుపడ్డ దేశం కూడా ఉంది, దక్షిణాఫ్రికా. స్వయంగా ఆరు బాంబులు తయారుచేసుకుని, స్వయంగా విప్పేసిన దేశం ప్రపంచం మొత్తానికి అదొక్కటే. 1989లో అధ్యక్షుడైన డి క్లర్క్ వాటిని విప్పించాడు, 1991 జులైలో ఎన్‌పీటీలో చేరాడు, పని అంతా అయిపోయాక 1993 మార్చి 24న పార్లమెంటులో చెప్పాడు. అప్పటిదాకా సొంత ప్రజలకే తెలియదు! అంగోలా నుంచి క్యూబా సైన్యం వెళ్ళిపోవడం, ప్రచ్ఛన్న యుద్ధం ముగియడంతో వాళ్ళ భయం పోయింది. రాబోయే నల్లజాతి ప్రభుత్వం చేతికి బాంబు ఇవ్వడం ఇష్టం లేకే చేశారని కూడా చాలామంది పరిశోధకులు అంటారు, అది కాదనలేం. ఏదేమైనా భయం పోయిన చోట బాంబూ పోయింది. మనం ఆలోచించాల్సింది భయం ఎలా తగ్గించాలన్న దాని గురించి కాదా?

సువాన్ శిరీష:
నేను ఎనిమిదేళ్ళుగా దక్షిణ కొరియాలో ఉంటున్నాను. లక్ష్మి గారు అన్న భయం ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తాను.

ఉత్తర కొరియా సరిహద్దు సియోల్‌కి యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఫోన్‌లో హెచ్చరిక మోగితే మొదట్లో చేతులు వణికేవి. మా ఆఫీసులో కొరియన్లు మాత్రం ఒకసారి చూసి ఫోన్ బోర్లా పెట్టేసి పనిలో పడతారు. వాళ్ళకి పట్టింపు లేదనుకునేదాన్ని. 2022 తర్వాత భోజనాల దగ్గర వాళ్ళు మాట్లాడుకునేది విన్నాక తెలిసింది, లోపల చాలా ఆలోచన ఉంది. సర్వేల్లో ఇక్కడ పదిమందిలో ఏడుగురి దాకా సొంత అణ్వాయుధాలు కావాలంటున్నారు. మా టీమ్ లీడర్ చాలా నెమ్మదస్తుడు, ఆయన కూడా అదే మాట. "సియోల్‌ని కాపాడటానికి అమెరికా తన శాన్‌ఫ్రాన్సిస్కోని పణంగా పెడుతుందా?" అని అడుగుతాడు.

ఇది కొత్త ప్రశ్న కాదు. 1970ల్లో ఇక్కడి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ అమెరికా సైన్యాన్ని తగ్గిస్తుంటే రహస్యంగా బాంబు పని మొదలుపెట్టాడు. ఫ్రాన్స్ నుంచి ప్లుటోనియం వేరుచేసే ప్లాంటు కొనబోతే అమెరికా ఒత్తిడి తెచ్చి ఆపించింది. అప్పుడు ఆగింది అమెరికా అణు ఛత్రం, అంటే తన అణ్వాయుధాలతో కాపాడతానన్న అమెరికా మాట, దాని మీద నమ్మకంతోనూ, ఆ ఛత్రం పోతుందన్న భయంతోనూ. 2023 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో రెండు దేశాలూ మళ్ళీ ఒక ప్రకటన చేసుకున్నాయి. దక్షిణ కొరియా ఎన్‌పీటీకి కట్టుబడి ఉంటుంది, బదులుగా అణ్వాయుధాల ప్రణాళికలో దానికీ మాట చెప్పే చోటు ఉంటుంది. ఆ జులైలోనే అమెరికా అణు క్షిపణుల జలాంతర్గామి బుసాన్ రేవుకు వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి.

దక్షిణ కొరియా బాంబు చేస్తే జపాన్ చూస్తూ ఊరుకుంటుందా? జపాన్ చేస్తే చైనా ఏం చేస్తుంది? ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే నిజంగా టెన్షన్‌గా ఉంటుందండి.

విశాఖ తీరం:
శిరీష గారూ, మా విశాఖ కథ కూడా అందులో భాగమే. 2009 జులై 26న ఇక్కడే మన అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ అరిహంత్‌ని నీళ్ళలోకి దించారు. ప్రధాని మన్మోహన్ సింగ్ గారి భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. 2024 ఆగస్టు 29న రెండోది, అరిఘాత్, నేవీలో చేరింది.

జలాంతర్గామే ఎందుకు? ముందుగా మనం అణ్వాయుధం వాడం అని 2003 జనవరి 4న ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది. ముందు వాడనని మాటిచ్చినవాడు శత్రువు మొదటి దెబ్బ కొట్టాక కూడా తిరిగి కొట్టగలగాలి. నేల మీద ఉన్నవి దొరికిపోవచ్చు, నీటి అడుగున తిరిగేది దొరకదు. మన విదేశాంగ విధానంలో ఒక మాట నిలబడాలంటే బంగాళాఖాతంలో ఒక పడవ తిరుగుతుండాలి.

ఇక బాంబు ఉంటే యుద్ధమే రాదన్న తమ్ముడికి ఒక్క సంవత్సరం గుర్తు చేస్తాను. 1998 మేలో మనం పోఖ్రాన్‌లో, పాకిస్తాన్ వాళ్ళు చాగైలో అణు పరీక్షలు చేశారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్. బాంబు ఆ యుద్ధాన్ని ఆపలేదు. నియంత్రణ రేఖ దాటొద్దని వైమానిక దళానికి వాజ్‌పేయి ప్రభుత్వం గీత గీసింది, దాని వెనక అణ్వాయుధాల ఆలోచన ఉంది. మన కుర్రాళ్ళు కింద నుంచి ఆ శిఖరాలకు ఎదురెక్కి పోరాడాల్సి వచ్చింది.

లక్ష్మీ టీచర్:
నాకు అన్నిటికంటే భయం వేసింది 2022 మార్చి 9. మన వైపు నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున బయల్దేరి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ లేదు కాబట్టి సరిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం జరగలేదు. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు. అణ్వాయుధాలున్న ఒక దేశం క్షిపణి అణ్వాయుధాలున్న ఇంకో దేశంలో పొరపాటున పడటం అంతకు ముందు చరిత్రలో ఎప్పుడైనా జరిగిందా? గాల్లో ఉన్న ఆ కొన్ని నిమిషాల్లో అటువైపు రాడార్ ముందు కూర్చున్న అధికారి వేరేలా అనుకుని ఉంటే? అణ్వాయుధాలున్న దేశాలు పెరిగేకొద్దీ ఇలాంటి నిమిషాలూ పెరుగుతాయి. కరీంనగర్ తమ్ముడు ఈ లెక్క కూడా వేయాలి.

కరీంనగర్ కుర్రోడు:
ఈ సంగతి నేను ఒప్పుకుంటా అక్కా. కానీ మన దేశం సంగతేంది? 1974లో మనం పరీక్షించి ఉండకపోతే ఇవాళ చైనా పక్కన ఎట్ల ఉండేవాళ్ళం? మనం ఎన్‌పీటీలో సంతకం పెట్టలేదు, అందుకే నిలబడ్డం. మిగతావాళ్ళకు వద్దని చెప్పే హక్కు మనకుందా?

మౌలాలి మూర్తి:
మంచి ప్రశ్న బాబూ. హక్కు సంగతి తర్వాత, ముందు ఖరీదు చెప్తాను, ఎందుకంటే అది నేను కళ్ళారా చూశాను.

1974 మే 18న పోఖ్రాన్ పేలగానే కెనడా సాయం ఆపేసింది. మనల్ని చూసే అణు సరఫరా దేశాల బృందం ఎన్ఎస్‌జీ పుట్టింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు బయటి నుంచి యురేనియం రావడం గగనమైంది. 2007, 2008 నాటికి దేశంలో యురేనియం చాలక మన రియాక్టర్లు సగం సామర్థ్యంతో నడిచాయి. షాపులో మెషిన్లన్నీ సిద్ధంగా ఉండి, పనివాళ్ళుండి, చేతిలో సరుకు లేక ఖాళీగా కూర్చోవడం ఎంత బాధో మాకు తెలుసు. 2005 జులై 18న పౌర అణు సహకారం మీద బుష్, మన్మోహన్ సింగ్ ప్రకటన, 2008 సెప్టెంబర్ 6న ఎన్ఎస్‌జీ మినహాయింపు వచ్చాక ఫ్రాన్స్, రష్యా, కజకిస్తాన్ నుంచి సరుకు వచ్చింది. దిగుమతి సరుకు నడిచే చోట ప్రతిదానికీ సీలు, ప్రతిదానికీ లెక్క. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చి రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసేవాళ్ళు. తుక్కు కూడా తూకం వేయాల్సిందే. మొదట్లో మావాళ్ళకి విసుగుగా ఉండేది. రానురాను నాకు మాత్రం ఆ తనిఖీ మీద గౌరవం పెరిగింది. ఒక దేశం మాటని ఇంకో దేశం నమ్మాలంటే ఇంత ఓపికైన పని ఎవరో ఒకరు చేయాలి.

కడప రైతుబిడ్డ:
పెద్దలు క్షమించాలి. యురేనియం అంటున్నారు కాబట్టి రాస్తున్నా. మాది తుమ్మలపల్లె గని పక్క ఊరు. దేశభద్రత, కరెంటు అంటారు, సరే. వ్యర్థాల చెరువు కింద మా అరటి తోటలు ఎండుతున్నాయి, బోరు నీళ్ళు మారిపోయాయని ఊరూరా మొత్తుకుంటున్నారు. ఈ చర్చలో మా ఊరి పేరు కూడా ఒకసారి ఉండాలి.

నిర్వాహకుడు:
కడప రైతుబిడ్డ గారూ, ఇది చాలా ముఖ్యమైన విషయం. తుమ్మలపల్లె, నల్లమల మీద విడిగా చర్చ తెరిచాం. మీ ఊరి వివరాలు, ఉంటే నీటి పరీక్షల నివేదికలు అక్కడ పెట్టండి.

గోదారి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. మూర్తి గారి తనిఖీ మాట చదివాక నాకు ఒకటి గుర్తొచ్చింది. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయమని భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబర్ 31న ఒప్పందం చేసుకున్నాయి. దాని కింద 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాత ఆగలేదు, ముంబై దాడుల తర్వాత ఆగలేదు, బాలాకోట్ తర్వాతా ఆగలేదు. మా స్టడీ సర్కిల్లో బాంబు గురించి అందరూ మాట్లాడతారు, ఈ జాబితా సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

మూర్తి గారూ, ఆఖరుగా ఒకటి. ఇరాన్ విషయంలో మీ లెక్క ఏమిటి? మాట, తనిఖీ రెండూ ఉన్నాయి కదా అక్కడ.

మౌలాలి మూర్తి:
ఉన్నాయి బాబూ, 2018 దాకా ఉన్నాయి. అమెరికాతో సహా పెద్ద దేశాలతో కుదిరిన 2015 జులై 14 ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు దాటకూడదు. ఇరాన్ దానికి కట్టుబడి ఉందని ఐఏఈఏ పదే పదే నివేదికలు ఇచ్చింది. 2018 మే 8న అమెరికా తనంతట తానే ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చేసింది. ఏడాది ఓపిక పట్టి ఇరాన్ ఒక్కొక్క పరిమితీ దాటడం మొదలుపెట్టింది, 2021 ఏప్రిల్‌లో 60 శాతానికి చేరింది. కరెంటుకి అంత శుద్ధి అక్కర్లేదు, అది ఎవరికైనా తెలుసు. ఇరాన్ తప్పు లేదని నేను అనను. పాత రోజుల్లో వాళ్ళు దాచినవి చాలా ఉన్నాయి.

2025 జూన్ 13న ఇజ్రాయెల్, 22న అమెరికా దాడి చేశాయి. ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద బాంబులు పడ్డాయి. ఐఏఈఏ లెక్కలో దాడులు మొదలయ్యే నాటికి అక్కడ 60 శాతం శుద్ధి చేసిన యురేనియం దాదాపు 440 కిలోలు ఉంది. ఆ తర్వాత ఇరాన్ తనిఖీలకు సహకారం ఆపేస్తూ చట్టం చేసింది, జులై మొదట్లో ఇన్‌స్పెక్టర్లు టెహ్రాన్ వదిలి వెళ్ళిపోయారు. బాంబులు భవనాల్ని కూల్చగలవు. ఆ 440 కిలోల్ని తూకం వేసి రిజిస్టర్లో రాయగలిగేది ఆ ఇన్‌స్పెక్టర్లే, వాళ్ళే అక్కడ లేకుండా పోయారు. మీరు పరీక్షలో ఏం రాస్తారో మీ ఇష్టం కానీ ఈ తేదీలు మాత్రం వరసలోనే రాయండి, 2015 తర్వాత 2018, ఆ తర్వాత 2021, ఆ తర్వాత 2025. ముందుది చెప్పకుండా వెనకది చెప్పేవాళ్ళు రెండు వైపులా చాలామంది ఉన్నారు.